బాగున్న ఫిల్టర్‌నే మార్చండి

"మంచిగనే నడుస్తుంది గదన్నా, ఎందుకు మార్చుడు?"

బండికి పెట్రోల్ ఫిల్టర్ మార్చమని అడిగిన ప్రతిసారీ మెకానిక్ షెడ్డులో నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగే కుర్రాడిలో మోసం లేదు. నా డబ్బు నాకు మిగల్చాలనే అడుగుతాడు. మన ఇళ్ళలో వస్తువును చూసే తీరే అది. బకెట్టు పగిలితే కొత్తది కొంటాం, బల్బు మాడితే మారుస్తాం, చెప్పు తెగితే కుట్టించుకుంటాం. పనిచేస్తున్న దాన్ని తీసి పారేస్తే దుబారా అని పెద్దవాళ్ళు కేకలేసే ఇళ్ళలో పెరిగాం. పెట్రోల్ ఫిల్టర్ దగ్గర మాత్రం ఆ పొదుపు తప్పు. నేనిక్కడ చెప్పబోయే సలహాలు చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయి. మెకానిక్ ఒప్పుకోడు, ఇంట్లో నాన్నగారు ఒప్పుకోరు, ఆఫీసులో బండ్ల గురించి అన్నీ తెలిసిన స్నేహితుడు అసలే ఒప్పుకోడు. అయినా పాటించి చూడమంటున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా కార్బొరేటర్ బండ్లతో తిరిగి, వాటిని విప్పి, కడిగి, బిగించి తెలుసుకున్న సంగతులివి.

ముందు ఈ పట్టుదల నాకు ఎక్కడ మొదలైందో చెప్పాలి.

పదేళ్ళ పైమాటే. కార్తీకంలో మా అమ్మను వెనక కూర్చోబెట్టుకుని నూరు సీసీ బండి మీద హైదరాబాదు నుంచి శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాటి అడవిలోకి వచ్చేదాకా బండి బాగానే ఉంది. ఒకటి రెండు చోట్ల పికప్ తగ్గినట్టనిపించింది, ఎదురుగాలి అనుకున్నాను. దోమలపెంట దాటాక ఘాట్ దిగుడు. దిగుడులో ఏ బండి అయినా సుఖంగానే పోతుంది. డ్యాం దిగువన కృష్ణ మీది వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజన్ మిస్సింగ్ కొట్టింది, దగ్గింది, ఆగిపోయింది. రెండు నిమిషాలు ఆగి కిక్కు కొడితే హాయిగా స్టార్టయింది. ఒక మలుపు ఎక్కి మళ్ళీ ఆగింది. మళ్ళీ రెండు నిమిషాలు, మళ్ళీ ఒక మలుపు. ప్లగ్ మార్చాను, ఫలితం లేదు. పొద్దు వాలుతోంది. అమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, "తొందరేం లేదులే నాన్నా, చూసుకో" అంటోంది గానీ కొండ వైపు చూస్తూనే ఉంది. అటుగా వచ్చిన ఒక లారీ డ్రైవరు దిగి, బండి చూసి, ప్లగ్ జోలికే పోలేదు. ట్యాంకు కింద పైపు పట్టుకుని ఫిల్టర్ లాగి బయటికి తీశాడు. లోపలి కాగితం టీ డికాక్షన్ రంగులో ఉంది. "ఇదీ సంగతి" అని, దాన్ని తీసేసి పైపును నేరుగా కార్బొరేటర్‌కి కలిపాడు. ఆ రాత్రి స్వామి దర్శనం అయింది.

కథ అక్కడ అయిపోలేదు. ఇంటికొచ్చాక కొత్త ఫిల్టర్ వేయించకుండా బద్ధకించాను. బండి నడుస్తోంది కదా అనుకున్నాను. పది రోజులకు కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అయ్యి పొద్దున్నే బండి కింద పెట్రోలు మడుగు కట్టింది. విప్పి చూస్తే కార్బొరేటర్ కప్పు అడుగున ఎర్రటి తుప్పు పొడి. ఫ్లోట్ సూది దగ్గర ఇరుక్కున్న ఒక రేణువు వల్ల పెట్రోలు ఆగకుండా కారింది. అలా కారే పెట్రోలు బయటికి పోతే అదృష్టం. కొన్ని బండ్లలో అది సిలిండర్‌లోకి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. నూట్లో చిల్లర వచ్చే ఫిల్టర్ దగ్గర పొదుపు చేయబోయి కార్బొరేటర్ సర్వీసుకు, కొత్త సూదికి, ఆయిల్‌కు ఖర్చు పెట్టాను.

పాడవక ముందే తీసేయండి

బల్బు మాడితే ఒక్కసారిగా మాడుతుంది. ఫిల్టర్ అలా పోదు. రోజుకింత మూసుకుంటూ పోతుంది, మనకు తెలియనివ్వదు. ఎందుకు తెలియదో లెక్క చూడండి. లీటరుకు అరవై కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు అరవై వేగంతో పోతే గంటకు ఒక లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి దాదాపు 17 మిల్లీలీటర్లు, మూడున్నర టీ చెంచాలు. అంత కొంచెం పెట్రోలు సగం మూసుకుపోయిన ఫిల్టర్ నుంచైనా వస్తుంది. అందుకే ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బండికి ఏ జబ్బూ కనిపించదు. డబుల్స్ ఎక్కించుకుని, సామాను కట్టుకుని, ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిన రోజు ఆ మూడున్నర చెంచాలు చాలవు. కార్బొరేటర్ కప్పులో నిలవున్న పెట్రోలు అయిపోతుంది, ఇంజన్ ఆగుతుంది. రెండు నిమిషాలు ఆగితే సన్నటి ధారతోనే కప్పు మళ్ళీ నిండుతుంది, బండి మళ్ళీ స్టార్టవుతుంది. నాకు సున్నిపెంట ఎత్తు మీద జరిగింది సరిగ్గా ఇదే. ఫిల్టర్ మనల్ని వదిలేసేది ఇంటి సందులో కాదు. నల్లమల ఎత్తు మీదో అనంతగిరి ఘాట్‌లోనో, బండి మీద బరువు ఎక్కువగా ఉన్న రోజునే వదిలేస్తుంది.

ఇంకొక నష్టం కంటికి కనపడదు. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన మిశ్రమం సిలిండర్‌లో ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ప్లగ్ తీసి చూస్తే కొన తెల్లగా పాలిపోయి ఉంటుంది. వాల్వులు, పిస్టన్ ఆ వేడిని నెలల తరబడి మోస్తాయి. బండి ఆగే రోజుకన్నా ముందే మీ ఇంజన్ ఆ బాకీ కడుతూ ఉంటుంది.

అందుకే నా లెక్క ఇది: కార్బొరేటర్ బండికి ఏడాదికొకసారి, లేదా పది వేల కిలోమీటర్లకు, ఏది ముందొస్తే అప్పుడు. పాత ఫిల్టర్ అద్దంలా ఉన్నా సరే. పల్లెల్లో కిరాణా కొట్టు సీసా పెట్రోలు తరచుగా పోయించుకునేవాళ్ళు ఆరు నెలలకే మార్చండి. ఆ సీసా నిన్న నూనె సీసానో కూల్ డ్రింకు సీసానో అయి ఉంటుంది, దాని గరాటా రోజంతా మట్టి రోడ్డు పక్కన తలకిందులుగా వేలాడి ఉంటుంది.

ఖరీదైన ఫిల్టర్ కొనకండి

ఈ మాటకు స్పేర్స్ దుకాణంవాళ్ళకు కోపం రావచ్చు. హైదరాబాదు పుత్లీబౌలీకి వెళ్ళినా విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా, మెరిసే అల్యూమినియం ఒంటితో, రంగురంగుల గాజుతో ఫిల్టర్లు వేలాడుతుంటాయి. కార్లకు పెట్టేవి కూడా "ఇంకా సన్నగా వడకడుతుంది సార్" అని చూపిస్తారు. సన్నగా వడకట్టడం మంచిదే, వెనక నుంచి తోసే పంపు ఉన్నప్పుడు. మామూలు కార్బొరేటర్ బండిలో పంపు ఉండదు. ట్యాంకు పైన ఉంది, కార్బొరేటర్ కింద ఉంది, పెట్రోలు తన బరువుతో తానే దిగాలి. మధ్య ఉన్న ఎత్తు జానెడో మూరెడో. అంత చిన్న తోపుడుకు మరీ సన్నటి కాగితం అడ్డం పెడితే కొత్త ఫిల్టరే పాత ఫిల్టర్‌లా పనిచేస్తుంది.

ఇక్కడ ఆపాల్సిన చెత్త ఎంత లావుదో కూడా తెలియాలి. కార్బొరేటర్‌లో ఐడ్లింగ్ నడిపే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరుకన్నా సన్నం. దాని కన్నా బాగా చిన్న కన్నులున్న జల్లెడ అయితే చాలు. మీ బండి కంపెనీ నూరు, నూటయాభై సీసీ బండ్లకు అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టర్ ఆ పని చక్కగా చేస్తుంది. పారదర్శకం అని నొక్కి చెబుతున్నాను. లోపల ఏం పోగవుతోందో రోజూ కనిపించాలి. మెరిసే లోహపు గొట్టంలో అది కనిపించదు.

ఫిల్టర్ నిండలేదని కంగారు పడకండి

కొత్త ఫిల్టర్ వేశాక చాలామంది అదేపనిగా దాన్ని చూస్తారు. సగమే పెట్రోలు ఉంది, పైన గాలి ఉంది. "ఎయిర్ లాక్" అని పైపు పిసుకుతారు, ఊదుతారు, పీకి మళ్ళీ పెడతారు. అక్కర్లేదు. బరువుతో దిగే పెట్రోలు ఫిల్టర్ పైభాగంలో చిక్కుకున్న గాలిని బయటికి తోయలేక అలాగే వదిలేస్తుంది. కాగితం తడిసి కింది నుంచి పెట్రోలు పోతూనే ఉంటుంది. ఫిల్టర్‌లో ఎంత కనిపిస్తోంది అన్నది లెక్కలోకి రాదు, పైపు చివర నిమిషానికి ఎంత పడుతోంది అన్నదే లెక్క.

ఆ లెక్క కొలవండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, కార్బొరేటర్ దగ్గర పైపు తీసి కొలతలున్న సీసాలో పెట్టండి. దగ్గుమందు సీసా అయినా సరిపోతుంది. పెట్రోల్ కాక్ తిప్పి, గడియారం చూసుకుని అర నిమిషం పట్టండి, రెట్టింపు చేయండి. కొత్త ఫిల్టర్ వేసిన రోజు ఎంత పడిందో ఆర్‌సీ కాగితాల మధ్య ఒక చీటీ మీద రాసి పెట్టండి. మూడు నెలలకోసారి మళ్ళీ కొలవండి. ట్యాంకులో పెట్రోలు మట్టం ఎక్కువగా ఉంటే ధార పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ దాదాపు ఒకే మట్టంలో కొలవాలి. మొదటి అంకెలో సగానికి పడిపోయిందా, ఏడాది గడవకపోయినా ఫిల్టర్ మార్చే రోజు వచ్చింది. ఏ షెడ్డులోనూ ఇలా కొలవగా నేను చూడలేదు. ఇంట్లో బి.పి. చూసుకున్నంత తేలికైన పని ఇది.

వాక్యూమ్‌తో తెరుచుకునే కాక్ ఉన్న స్కూటర్లకు ఈ పరీక్ష కుదరదు. ఇంజన్ తిరిగితేనే వాటిలో పెట్రోలు దిగుతుంది. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

ఫిల్టర్‌ని అనుమానించే ముందు ట్యాంకు మూత తీయండి

ఇంతసేపూ ఫిల్టర్ మీద తప్పు మోపి ఇప్పుడు ఇదేమిటంటారా? ట్యాంకులోంచి పెట్రోలు దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. దాని కోసం మూతలో సన్నటి దారి ఉంటుంది. దుమ్ము, వాటర్ వాష్ బురద, పాత పాలిష్ మైనం కలిసి ఆ దారిని మూసేస్తాయి. అప్పుడు లోపల గాలి పీడనం తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. లక్షణాలు ఫిల్టర్ మూసుకుపోయినట్టే ఉంటాయి: కొంత దూరం పోవడం, ఆగడం, కాసేపటికి మళ్ళీ నడవడం.

బండి అలా ఆగిన చోటనే, కిక్కుల మీద కిక్కులు కొట్టకుండా, ముందు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి, వెంటనే బండి మామూలుగా నడిస్తే జబ్బు మూతది. మూత తీసినా తేడా లేకపోతే చోక్ సగం లాగి నడిపి చూడండి. చోక్ లాగితే కాస్త ఓపిక వచ్చిందంటే ఇంజన్‌కి పెట్రోలు చాలడం లేదన్నమాట, అప్పుడు ఫిల్టర్, ట్యాంకు లోపలి కాక్ జాలీ, జెట్ వరసగా చూడాలి. ఏ తేడా లేకపోతేనే ప్లగ్, కాయిల్ వైపు వెళ్ళండి. ఆ రోజు నేను వరస తిప్పాను. ముందు ప్లగ్ మార్చాను. మెకానిక్కుల్లోనూ చాలామంది మొదట ప్లగ్గే మారుస్తారు, అది చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి.

గాలి కొట్టి కడిగి మళ్ళీ పెట్టకండి

టైర్ల షాపులో గాలి గొట్టం ఉంది, వెనక నుంచి ఒక్క ఊదు ఊదితే చెత్తంతా పోతుంది, మళ్ళీ ఆరు నెలలు వస్తుంది. ఈ చిట్కా మన దగ్గర చాలా ఊళ్ళలో చెల్లుబాటులో ఉంది. ఫిల్టర్ లోపల ఉన్నది మడతలు మడతలుగా మడిచిన కాగితం. వెనక నుంచి గట్టిగా గాలి కొడితే మడతల అంచుల దగ్గర అతుకు ఊడుతుంది, కాగితం చిట్లుతుంది. చిట్లిన చోటు కంటికి కనిపించదు. అక్కడి నుంచి చెత్త నేరుగా కార్బొరేటర్‌కి పోతుంది. అసలు ఫిల్టర్ లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. ఫిల్టర్ ఉందన్న ధీమాతో ఎవరూ అటు చూడరు.

కడగదగినది ఒకటుంది. పెట్రోల్ కాక్ పైన, ట్యాంకు లోపలికి వెళ్ళే గొట్టానికి ఒక జాలీ ఉంటుంది. కొన్ని బండ్లలో కాక్ కింద విప్పడానికి వీలుగా చిన్న కప్పు కూడా ఉంటుంది. వీటిని ఏడాదికోసారి విప్పి శుభ్రమైన పెట్రోలులో మెత్తటి బ్రష్‌తో కడిగి పెట్టండి. ఫిల్టర్ కొత్తది వేసి ఈ జాలీని వదిలేస్తే సగం పనే అయినట్టు.

నెలకోసారి రిజర్వ్‌లో నడపండి

"రిజర్వ్‌కి రానివ్వకు, అడుగు చెత్తంతా లాక్కుంటుంది" అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. నేను ఉల్టా చెబుతాను. ట్యాంకు లోపల కాక్‌కి రెండు నోళ్ళు ఉంటాయి. మామూలు నోరు పొడవాటి గొట్టం పైన, రిజర్వ్ నోరు అడుగున. ఎప్పుడూ రిజర్వ్ తిప్పని బండిలో అడుగున చేరిన నీరు, తుప్పు ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుంటాయి. నీరు కూర్చున్న చోట ఇనప రేకును తుప్పు తింటుంది. చివరికి ఒక రోజు నిజంగా పెట్రోలు అయిపోయి రిజర్వ్ తిప్పితే ఆ పోగంతా ఒక్క గుక్కలో దిగుతుంది. నెలకోసారి నాలుగైదు కిలోమీటర్లు రిజర్వ్‌లో నడిపితే కొంచెం కొంచెంగా దిగి ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. ఫిల్టర్ ఉన్నది అందుకే కదా.

ఒక్క షరతు: ఏళ్ళుగా రిజర్వ్ తిప్పనివాళ్ళు ఈ సలహా నేరుగా మొదలుపెట్టకండి. ముందు రాత్రంతా బండిని సైడ్ స్టాండ్ మీద ఉంచండి. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి పల్లంలో చేరుతుంది. పొద్దున్నే కదపకుండా పైపు తీసి, కాక్‌ని రిజర్వ్‌కి తిప్పి, పావు లీటరు గాజు సీసాలోకి పట్టండి. వెలుతురులో పెట్టి పదిహేను నిమిషాలు ఆగి చూడండి. అడుగున పాదరసంలా చుక్కలుగా దొర్లేది నీరు.

ఇప్పటి పెట్రోలుతో ఈ అలవాటు మరీ అవసరం. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో సగటున పది శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025కల్లా దేశమంతటా మామూలైపోయింది. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి వచ్చే ఇథనాల్ మీద నాకు కోపం లేదు. అయితే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కరిగించుకుని ఇంజన్‌లోకి తీసుకుపోతుంది, అక్కడిదాకా మేలే. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున వేరే పొరగా చేరతాయి. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో, సగం ఖాళీ ట్యాంకుతో వానాకాలమంతా నిలిపి ఉంచిన బండికి ఈ బెడద ఎక్కువ. పైగా ఇథనాల్‌కి కరిగించే గుణం ఉంది. పాత ట్యాంకు గోడలకు పట్టిన జిగురు ఊడి ఫిల్టర్‌లో పడుతుంది. పదిహేనేళ్ళ నాటి హీరో హోండాలు, పల్సర్లు, బుల్లెట్లు నడిపేవాళ్ళు ఫిల్టర్ గడువును సగానికి తగ్గించుకుంటే మంచిది. నెలల తరబడి బండి నిలపాల్సి వస్తే ట్యాంకు నిండుగా ఉంచి నిలపండి. లోపల గాలి తక్కువుంటే తేమా తక్కువే.

పాత ఫిల్టర్‌ని పారేయకండి, కోయండి

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని ఇది. తీసిన ఫిల్టర్‌ని ఆరుబయట నీడలో ఒక రోజంతా ఉంచితే పెట్రోలు ఆవిరైపోతుంది. తర్వాత హ్యాక్సా బ్లేడుతో కోసి, మడతలు విప్పి, తెల్ల కాగితం మీద దులపండి. మీ బండి కడుపులో సంగతంతా అక్కడ ఉంటుంది.

ఎర్రటి, గోధుమ రంగు పొడి అయితే ట్యాంకు తుప్పు. అయస్కాంతం దగ్గర పెడితే అందులో కొంత అంటుకోవచ్చు. ట్యాంకు కడిగించే వేళ వచ్చిందని అర్థం. కడిగించే వరకు నెలకో ఫిల్టర్ మార్చండి, లేకపోతే కొత్తది వేసీ ప్రయోజనం లేదు. నల్లటి మెత్తటి తునకలైతే పైపు లోపలి పొర ఊడుతోంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేపల తొట్టి పైపు, ఆసుపత్రి సెలైన్ గొట్టం తెచ్చి పెట్రోలు పైపుగా వాడటం మన దగ్గర చాలా చోట్ల చూశాను. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు లాగేస్తుంది. కొన్ని నెలల్లో గొట్టం గట్టిపడి, వేడి ఇంజన్ పక్కనే పగులుతుంది. పెట్రోలు కోసమే తయారైన రబ్బరు పైపు వేయించండి, ఇథనాల్‌కి తట్టుకునేదని అడిగి మరీ తీసుకోండి. బూడిద రంగు తెల్లటి పొడి ఉంటే నీరు కాక్‌ని తినేస్తోంది. బెల్లం పాకంలా జిగురుంటే నెలల తరబడి కదలని పాత పెట్రోలు. సన్నటి ఇసుక, మట్టి ఉంటే పెట్రోలు పోసే చోటనే లోపం.

ఆఖరిది కనిపించినప్పుడు బంకులో మొహమాట పడకండి. ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. నాజిల్ నుంచి ఒక చుక్క ఆ కాగితం మీద వేస్తే ఆవిరయ్యాక మరక మిగలకూడదు. కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్రలో పట్టి చూపమని కూడా అడగవచ్చు. గొంతు పెంచనక్కర్లేదు, మామూలుగా అడిగితే చాలు.

మెకానిక్‌ని తిట్టకండి, పక్కన నిలబడండి

మార్చే పని మీరే చేసుకోవచ్చు. పొద్దున చల్లని వేళ, ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉండగా. అగ్గిపుల్ల, సిగరెట్టు, దేవుడి గూట్లో దీపం ఏదీ దగ్గర్లో వద్దు. పక్కన బకెట్టుతో పొడి ఇసుక పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. కాక్ ఆఫ్ చేసి, క్లిప్పులు జరిపి, పాత ఫిల్టర్ తీసి, కొత్తది పెట్టాలి. దాని ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, అది ట్యాంకు నుంచి కార్బొరేటర్ వైపు చూడాలి. ఉల్టా పెట్టిన ఫిల్టర్లు నేను చాలా చూశాను. పైపు ఎక్కడా పైకి లేచి మళ్ళీ కిందికి వంగకూడదు, ఆ వంపులోనే గాలి చిక్కుతుంది. సిలిండర్‌కి, సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు. వేసవిలో పైపు వేడెక్కితే లోపలే పెట్రోలు ఆవిరై ధార తెగుతుంది. క్లిప్పులు వదులైతే కొత్తవి వేయండి. కాక్ తెరిచి అయిదు నిమిషాలు చూసి, తడి ఎక్కడా లేదనుకున్నాకే స్టార్ట్ చేయండి. తీసిన పెట్రోలు కాలవలో పోయకండి.

షెడ్డులో చేయిస్తే పక్కన నిలబడి చూడండి. ఒక్క మాట కోసమే నిలబడమంటున్నాను: "డైరెక్ట్ ఇచ్చేశానన్నా." ఫిల్టర్ తీసేసి పైపు నేరుగా కలపడం అడవి దారిలో ఆ రాత్రి మా అమ్మను కొండ ఎక్కించింది. ఆ లారీ డ్రైవరుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. షెడ్డులో, పగటి వేళ, పక్కనే స్పేర్స్ దుకాణం ఉండగా అదే పని చేస్తే మాత్రం ఒప్పుకోకండి. మిమ్మల్ని సంతోషపెట్టాలనే చేస్తాడు, బండి నిజంగానే ఆ నెలంతా బాగా లాగుతుంది. తర్వాత సంగతి పైన రాశాను.

ఇంజెక్షన్ బండి అయితే పై సలహాల్లో సగం మరిచిపోండి

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక మన మోటార్‌సైకిళ్ళు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వీటిలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, వడపోత చాలావాటిలో పంపుతో కలిసే ఉంటుంది. పైపులో పెట్రోలు దాదాపు మూడు బార్ల ఒత్తిడితో ఉంటుంది, అంటే మామూలు గాలి పీడనానికి మూడింతలు. ఆ పైపును కార్బొరేటర్ పైపులా పీకితే మొహం మీదికి చిమ్ముతుంది. పైన చెప్పిన ప్లాస్టిక్ ఫిల్టర్‌ని అదనపు రక్షణ అని ఆ పైపు మధ్యలో పెట్టించుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రిజర్వ్ సలహా కూడా వీటికి తిరగబడుతుంది. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కాబట్టి పావు ట్యాంకు కన్నా తగ్గనివ్వకండి. ఫిల్టర్ ఎప్పుడు చూడాలో, ఎప్పుడు మార్చాలో మీ బండి మాన్యువల్ చెప్పిందే లెక్క. దాన్ని తెరిచి చదవండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డు మీద ఆ సంగతి రాయించండి. మూసుకున్న ఫిల్టర్ వల్ల కష్టపడి పంపు కాలిపోతే బిల్లు వేలల్లో ఉంటుంది.

ఇంజెక్షన్ బండ్ల గురించి ఇంతకన్నా చెప్పను. నా చేతులు నేర్చుకున్నది కార్బొరేటర్ మీద.

ఏడాదికోసారి మార్చాలంటే రోజు గుర్తుండదని చాలామంది అంటారు. నాకు గుర్తుండే రోజు ఒకటుంది. దసరాకి ఆయుధ పూజ నాడు ఎలాగూ బండి కడుగుతాం, పసుపు కుంకుమ పెడతాం, దండ వేస్తాం, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. నైరుతి వానలు వెనక్కి పోయే కాలం కూడా అదే. వానాకాలమంతా ట్యాంకులో చేరిన తేమ, తుప్పు అప్పటికి ఫిల్టర్‌లో పోగై ఉంటాయి. ఆ పొద్దున కడగడానికి ముందు ట్యాంకు కింద చెయ్యి పెట్టి పైపు తడిమి చూడండి. ఫిల్టర్ లేకపోతే ఒకటి వేయండి. ఉంటే, ఎంత బాగున్నా సరే, తీసి కొత్తది పెట్టి ఆ తర్వాతే నిమ్మకాయ తొక్కించండి.